పోయినేడు మోడల్ రన్నింగ్ షూ: తక్కువ పైసలకు మంచి జోడు ఎలా ఏరుకోవాలి

పొద్దున ఐదున్నరకు హన్మకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గేటు దగ్గర నిలబడితే నెలకు ఒక్కరైనా అడుగుతారు, “అన్నా, నాలుగైదు వేలల్ల మంచి రన్నింగ్ షూ జర చెప్పు” అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: “ఐదు వేల షూ కావాల్నా, పది వేల షూ ఐదు వేలకు కావాల్నా?” ముందు నవ్వుతారు. కొందరైతే దొంగ మాలు సంగతి చెప్తున్నానేమో అనుకుంటారు. దొంగ మాలు కాదు, ఫస్ట్ కాపీ అంతకన్నా కాదు. పోయినేడో, అంతకు ముందేడో వచ్చిన మోడల్‌లో ఎవరూ తొడగని కొత్త జోడు. దాన్ని ఎలా ఏరుకోవాలో, ఎక్కడ మోసపోతామో (నేను రెండుసార్లు దెబ్బతిన్నాను, అందుకే తెలుసు) వరసగా రాస్తున్నాను.

ముందు ఈ లెక్క అర్థం కావాలి. రన్నింగ్ షూ కంపెనీలు ఒకే పేరు పట్టుకుని ఏడాదికో ఏడాదిన్నరకో నంబర్ పెంచుకుంటూ పోతాయి. నైకీ పెగాసస్ 1983లో మొదలైంది, 2023లో 40 వచ్చింది, 2024లో 41 వచ్చింది. 41 వచ్చిన రోజున 40 ఏమీ చెడిపోలేదు, కాకపోతే షోరూం వాళ్లకు అల్మారాలో జాగా కావాలి, అందుకే పాత నంబర్ ధర తగ్గిస్తారు. అదే ఐదు వేలకు అదే కంపెనీ కింది వరస మోడల్ ఈ ఏడాదిదే దొరుకుతుంది, చూడ్డానికి దానికంటే ధగధగా ఉంటుంది కూడా, కానీ లోపలి ఫోమ్ (పాదం కింది మెత్తటి పొర) మామూలుది, రోజూ పరిగెత్తే కాలు కింద తొందరగా అణిగిపోతుంది. కొత్త చవక షూ కంటే పాత నంబర్ మంచి షూ మేలు. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాటే, మిగతావన్నీ దాన్ని సరిగ్గా కొనడానికి పడే తిప్పలు.

ఇంకో సంగతి. ఇది రోజూ పరుగుకు వాడే షూ గురించి. వారానికి నాలుగైదు రోజులు, రోజుకు మూడు నుంచి పది కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఇందులోకే వస్తారు. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు, దానికి స్పైక్స్ (అడుగున చిన్న మేకులున్న ట్రాక్ షూ) గానీ కార్బన్ ప్లేటు షూ (లోపల గట్టి పలక పెట్టిన పోటీ షూ) గానీ అక్కర్లేదు. మా మేనల్లుడు, పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచిన పరుగు ఫోన్‌లో చూసి తనకూ అలాంటి స్పైక్సే కావాలని పట్టుబట్టాడు. పోటీ రోజున ట్రాక్ మీద తొడిగేవి అవి, పొద్దున పొద్దున సీసీ రోడ్డు మీద తొడుక్కుని పోయేవి కావని చెప్పి ఒప్పించేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

షాపుకు పోకముందు ఇంట్లో

పాత షూ తీసి తిరగేయండి. ఎక్కడ అరిగింది, వేళ్ల దగ్గర పై బట్ట చిరిగిందా, చిటికెన వేలి పక్కన ఉబ్బిందా చూడండి. చిటికెన వేలి దగ్గర ఉబ్బితే మీ పాదం ఆ షూ కంటే వెడల్పు అన్నట్టు. మన ఊళ్లలో చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగి పెరిగినవాళ్లం చాలామందిమి, నేను చూసినంతవరకు ముందు పాదం వెడల్పుగానే ఉంటుంది, అయినా పొడవు సైజు ఒకటి పెంచి సర్దుకుంటాం. అది తప్పు, దాని గురించి కింద చెప్తాను.

తర్వాత సాయంత్రం పూట, కాళ్లు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు నేల మీద పరిచి, దాని మీద బరువంతా వేసి నిలబడి పెన్సిల్‌తో పాదం చుట్టూ గీత గీయించుకోండి. మీరే వంగి గీస్తే బరువు ఒక పక్కకు పోతుంది, ఇంట్లో ఎవరినైనా పిలవండి. మడమ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి దాకా సెంటీమీటర్లలో కొలవండి. రెండు కాళ్లూ కొలవండి, ఎందుకంటే అవి సమానంగా ఉండడం తక్కువ. పెద్దదే మీ కొలత. ఈ నంబర్ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, తర్వాత పనికొచ్చేది ఇదే.

ఇక మీరు పరిగెత్తే నేల. జేఎన్‌ఎస్ సింథటిక్ ట్రాక్ మీదనా, వడ్డేపల్లి చెరువు కట్ట మీదనా, కాలనీ సీసీ రోడ్ల మీదనా, ఊరి బయట మొరం బాట మీదనా? సీసీ రోడ్డు అయితే మడమ కింద ఫోమ్ కాస్త దండిగా ఉండాలి. మొరం మీద అయితే అడుగు రబ్బరు చూడండి, సన్నటి లోతైన గాడులు ఉంటే కంకర ఇరుక్కుంటుంది, ప్రతి అర కిలోమీటరుకు ఆగి పుల్లతో తీసుకోవాల్సి వస్తుంది. వానాకాలం నల్లరేగడి బురదకు మాత్రం ఏ షూ సమాధానం కాదు, ఆ రోజు రోడ్డెక్కండి.

న్యూట్రల్ ఏది, స్టెబిలిటీ ఏది

నా మొదటి దెబ్బ ఇక్కడే. కొన్నేళ్ల కింద దసరా సేల్‌లో ఒక షోరూంలో సగం ధరకు మంచి పేరున్న షూ కనపడింది, రంగు నచ్చింది, అమ్మే అబ్బాయి “రెండూ ఒకటే సార్, దీంట్ల సపోర్ట్ ఇంకా ఎక్కువ” అన్నాడు. కొన్నా. అది స్టెబిలిటీ షూ. అంటే పాదం లోపలికి ఒరగకుండా లోపలి పక్కన ఫోమ్ గట్టిగానో, అంచు ఎత్తుగానో కట్టిన రకం. నా పాదానికి అది అక్కర్లేదు, పది రోజుల్లో అరికాలి వంపు దగ్గర బొబ్బ లేచింది, చివరికి మా బావమరిదికి ఇచ్చేశా.

న్యూట్రల్ షూలో ఆ అడ్డుకట్ట ఉండదు, పాదాన్ని దాని దారిన పోనిస్తుంది. పేర్లు గుర్తు పెట్టుకుంటే షోరూంలో ఎవరినీ అడిగే పని లేదు. ఆసిక్స్‌లో క్యుములస్, నింబస్ న్యూట్రల్. కయానో, జీటీ 2000 స్టెబిలిటీ. బ్రూక్స్‌లో ఘోస్ట్ న్యూట్రల్, అడ్రినలిన్ జీటీఎస్ స్టెబిలిటీ. సాకొనీలో రైడ్ న్యూట్రల్, గైడ్ స్టెబిలిటీ. న్యూ బ్యాలెన్స్‌లో 880 న్యూట్రల్, 860 స్టెబిలిటీ. మిజునోలో వేవ్ రైడర్ న్యూట్రల్, వేవ్ ఇన్‌స్పైర్ స్టెబిలిటీ. హోకాలో క్లిఫ్టన్ న్యూట్రల్, అరాహి స్టెబిలిటీ. నైకీ పెగాసస్, ప్యూమా వెలాసిటీ నైట్రో రెండూ న్యూట్రలే. తగ్గింపుల్లో నాకు ఎక్కువసార్లు కనపడ్డవి పెగాసస్, క్యుములస్, వెలాసిటీ నైట్రో. బ్రూక్స్, సాకొనీ కావాలంటే ఆన్‌లైన్‌లో వెతుక్కోవడమే నయం.

“నా పాదం చదునుగా ఉంది, నాకు న్యూట్రల్ పనికిరాదేమో” అనే టెన్షన్ చాలామందికి ఉంటుంది. తడి కాలు తాండూరు బండ మీద పెట్టి అచ్చు చూసుకుని భయపడిపోతారు. డెన్మార్క్‌లో 927 మంది కొత్త రన్నర్లకు, పాదం ఎలా ఉన్నా సరే, అందరికీ న్యూట్రల్ షూలే ఇచ్చి ఏడాది పాటు గమనించారు; 2014లో అచ్చయిన ఆ అధ్యయనంలో పాదం లోపలికి ఒరిగేవాళ్లకు దెబ్బలు ఎక్కువేమీ తగల్లేదని తేలింది. కాబట్టి అచ్చు చూసి షూ కొనకండి. ఇప్పటికే మోకాలు, పిక్క ఎముక నొప్పి ఉండి డాక్టరో ఫిజియోనో ఫలానా రకం వేసుకోమని చెప్తే మాత్రం వాళ్ల మాటే వినండి.

ఎన్ని నంబర్లు వెనక్కి పోవచ్చు

ఒకటి వెనక్కి హాయిగా పోవచ్చు. రెండు వెనక్కి పోవాలంటే కొంచెం చూసుకుని. మూడు దాటితే నేను పోను, ఎందుకో కింద తయారీ తేదీ దగ్గర చెప్తా.

నంబర్ మారినప్పుడల్లా షూ మొత్తం మారదు. పెగాసస్ 39కి, 40కి కింద ఫోమ్ ఒకటే, రియాక్ట్ అంటారు, మారింది ముఖ్యంగా పై బట్ట. అలాంటప్పుడు 39 తక్కువకు దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 41లో ఫోమ్ రియాక్ట్ఎక్స్ అయింది, అది తెలిసే మార్పు. సాకొనీ రైడ్ 16 నుంచి 17కు కూడా ఫోమ్ మారింది, బ్రూక్స్ ఘోస్ట్ 15 నుంచి 16కు కూడా. అయితే ఫోమ్ మారిందంటే పాతది పనికిరాదని కాదు. ఘోస్ట్ 15 తొడుక్కుని వేల మంది రోజూ పరిగెత్తారు, మీ కాలు కూడా పరిగెత్తుతుంది. తెలుసుకోవాల్సింది ఎందుకంటే, కొత్త నంబర్ గురించి యూట్యూబ్‌లో ఎవరో పొగిడింది చూసి పాత నంబర్ కొంటే రెండూ ఒకేలా ఉండకపోవచ్చు. పాత నంబర్ వచ్చిన ఏడాది రివ్యూలే వెతికి చూడండి.

డ్రాప్ అనే మాట వింటారు. మడమ కింద ఫోమ్ ఎత్తుకు, ముందు పాదం కింద ఎత్తుకు ఉన్న తేడా అది. పెగాసస్‌కు 10 మిల్లీమీటర్లు, రైడ్‌కు 8, క్లిఫ్టన్ 9కి 5, అదే క్లిఫ్టన్ 10కి వచ్చేసరికి 8 చేశారు. ఇప్పుడు వాడుతున్న షూకు దగ్గరగా ఉన్నది తీసుకుంటే చాలు. పదికి అలవాటైన కాలు ఒక్కసారి ఐదుకు దిగితే పిక్కలు, మడమ వెనక నరం పట్టేస్తాయి.

బరువు గురించి ఎక్కువ ఆలోచించకండి. ఒక్కో షూకు 100 గ్రాములు పెరిగితే పరుగుకు పడే శ్రమ సుమారు ఒక శాతం పెరుగుతుందంటారు, మీరు పోల్చుకునే రెండు షూల మధ్య తేడా మామూలుగా అంతకంటే చాలా తక్కువే. 

సైజు, అసలు తగాదా ఇక్కడే

మన దగ్గర షోరూంలో “ఎన్ని నంబర్ సార్” అంటే చెప్పేది యూకే సైజు. కంపెనీని బట్టి అది మారుతుంది. నైకీ యూకే 8 డబ్బా మీద 27 సెంటీమీటర్లు అని ఉంటుంది, అడిడాస్ యూకే 8 మీద 26.5 ఉంటుంది. రెండూ ఎనిమిదే, అర సెంటీమీటరు తేడా. ఆన్‌లైన్‌లో అమెరికా సైజుతో వచ్చే మాలు ఇంకా గందరగోళం, నైకీలో మగవాళ్ల అమెరికా సైజు యూకే కంటే ఒకటి ఎక్కువ, అడిడాస్‌లో అర ఎక్కువ. అందుకే ముందు కాలు కొలవమన్నాను. డబ్బా స్టిక్కర్ మీద సీఎం (CM) అనో జేపీ (JP, జపాన్ సైజు, అదీ సెంటీమీటర్లే) అనో ఉన్న చోట చూడండి, మీ పాదం కొలత కంటే అర నుంచి ఒక సెంటీమీటరు ఎక్కువ ఉన్న దాని నుంచి వేసి చూడడం మొదలుపెట్టండి. ఆడవాళ్ల మోడల్ ముందు ఇరుకై మగవాళ్ల మోడల్ చూసుకోవాలనుకున్నా ఈ సెంటీమీటర్ల లెక్కే దారి చూపిస్తుంది.

వెడల్పు ఇరుకైతే పొడవు పెంచకండి. పొడవు పెంచితే షూ వంగే చోటు, మీ వేళ్లు వంగే చోటు వేరైపోతాయి, మడమ లేస్తుంది, అయినా చిటికెన వేలు ఒరుస్తూనే ఉంటుంది. మగవాళ్ల షూలో డి అంటే మామూలు వెడల్పు, 2ఈ వెడల్పు, 4ఈ ఇంకా వెడల్పు. ఆడవాళ్లకు బి మామూలు, డి వెడల్పు. పాత నంబర్ల తగ్గింపులో 2ఈ జోళ్లు అప్పుడప్పుడు మిగిలి కనపడతాయి, ఎవరూ అడగరు గనుక. వెడల్పు పాదం ఉన్నవాళ్లకు అది పండగే.

పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులతోనే షోరూంకు పోండి, వాళ్లిచ్చే పల్చటి సాక్సుతో వేసి చూస్తే అంతా తప్పు. లేసులు కట్టి నిలబడినప్పుడు పొడవు వేలి ముందు మీ బొటనవేలి గోరంత వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ కొంచెం కదిలితే అన్నిటికంటే పైన అదనంగా ఉండే రంధ్రంలోంచి లేసు తీసి కట్టి చూడండి (అది ఉత్తినే పెట్టింది కాదు), చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది. కొంచెం వాడితే సాగుతుంది సార్ అనే మాట తోలు చెప్పులకు సరిపోతుంది గానీ రన్నింగ్ షూకు కాదు. వేసుకున్న నిమిషంలో బాగుంటేనే బాగున్నట్టు.

డబ్బా మీద తేదీ

పాత మోడల్ కొనేటప్పుడు అందరూ వదిలేసే పని ఇది, నా రెండో దెబ్బ కూడా ఇదే. మన దేశంలో అమ్మే షూ డబ్బా మీద ఎంఆర్‌పీతో పాటు తయారైన నెల, సంవత్సరం వేయాలి. ఆ స్టిక్కర్ చదవండి. నేను ఆన్‌లైన్‌లో భారీ తగ్గింపు చూసి ఎగబడి కొన్న ఒక జోడు మీద తేదీ దాదాపు ఆరేళ్ల కిందటిది. వచ్చిన రోజు మెరిసిపోతూ ఉంది, రెండో నెలలో భద్రకాళి బండ్ మీద ముందు వైపు సోల్ నోరు తెరిచింది. మిగతా దూరం టపటపలాడించుకుంటూ నడిచొచ్చాను.

షూ వాడకపోయినా లోపల పని జరుగుతూనే ఉంటుంది. సోల్‌ను పట్టి ఉంచే గమ్ ఎండిపోతుంది, ఫోమ్ మెల్లగా బిరుసెక్కుతుంది. దానికి తోడు మన ఎండలు. రేకుల గోడౌన్‌లో నాలుగు వేసవులు గడిపిన జోడు, ఏసీ షోరూంలో ఏడాది ఉన్న జోడు ఒకటి కాదు. నేను పెట్టుకున్న హద్దు మూడేళ్లు. రెండేళ్ల లోపైతే ఆలోచించను. రెండు నుంచి మూడేళ్ల మధ్య ఉంటే చేత్తో పట్టి చూడకుండా కొనను. చూసేది ఇలా: పక్కన కనపడే ఫోమ్‌ను బొటనవేలితో నొక్కితే దిగి వెంటనే పైకి రావాలి, సన్నటి ముడతలు పడి అలాగే ఉంటే వద్దు. షూ ముందు భాగం వంచండి, వేళ్ల దగ్గర వంగాలి, మధ్యలో విరిగినట్టు వంగితే వద్దు. వంచి పట్టుకుని రబ్బరుకు, ఫోమ్‌కు మధ్య గీత వెంట చూపు పోనివ్వండి, గోరు దూరేంత సందు ఉంటే అక్కడే పెట్టేసి రండి. మడమ వెనక గిన్నెలాంటి భాగం గట్టిగా ఉండాలి.

షోరూం షెల్ఫ్ మీద పెట్టిన డిస్‌ప్లే జోడు ఇస్తే ఇంకో రెండు మూడు వందలు తగ్గించమనండి. లైట్ల కింద నెలల తరబడి నిలబడింది అది, వంద మంది కాళ్లు దూర్చి చూశారు.

ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు

డిసెంబర్-జనవరి, జూన్-జూలైలో సీజన్ చివరి సేల్స్ పెడతారు, దసరా ముందు కూడా. కొత్త నంబర్ వచ్చిన రెండు మూడు నెలలకు పాతదాని ధర బాగా దిగుతుంది, కానీ అప్పటికి 8, 9 సైజులు అయిపోయి 6, 11 మిగులుతాయి. మీది మామూలు సైజైతే 30 శాతం దగ్గరే పట్టుకోండి, 50 శాతం కోసం కాచుకుని కూర్చుంటే జోడే దొరకదు. పెద్ద పాదం వాళ్లు కూర్చోవచ్చు.

నా పద్ధతి: ముందు హన్మకొండ షోరూంలో కొత్త నంబర్ తొడిగి చూస్తాను, తగ్గించిన ధరకు పాత నంబర్ ఉందేమో అడుగుతాను, లోపల గోడౌన్‌లో ఉంటుంది చాలాసార్లు, అడిగితేనే తెస్తారు. లేకపోతే హైదరాబాద్ పనిబడి పోయినప్పుడు ఫ్యాక్టరీ అవుట్‌లెట్లు చూస్తాను. ఒక్క షూ కోసం కాజీపేటలో రైలెక్కితే మాత్రం మిగిలిన పైసలు దారి ఖర్చుకు, హోటల్లో బిర్యానీకి పోతాయి. ఆన్‌లైన్ అయితే కంపెనీ సొంత సైట్ లేదా పెద్ద షాపింగ్ సైట్ స్వయంగా అమ్మేది, రిటర్న్ ఉందని రాసి ఉంటేనే.

2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు జోడు మీద జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. దాంతో 2,499 బోర్డులు కళ్లకు గట్టిగానే కనపడతాయి. ఆ ధరలో నేను చెప్పిన వరస షూ దొరకడం అరుదు, దొరికిందంటే ముందు తేదీ చూడండి, తర్వాత అసలుదేనా చూడండి. షూ నాలుక లోపల చిన్న లేబుల్ ఉంటుంది, దాని మీద స్టైల్ కోడ్, డబ్బా మీద కోడ్ ఒకటే కావాలి. నైకీ అయితే ఆరు అక్షరాలు-అంకెలు, గీత, మూడు అంకెలు. కోడ్ గూగుల్‌లో కొడితే అదే మోడల్, అదే రంగు రావాలి. ఫస్ట్ కాపీ వాళ్లు పైన బట్ట, గుర్తు అచ్చుగుద్దినట్టు దించుతారు, పైసలు పోయేది లోపలి ఫోమ్‌లో గనుక అక్కడ చేతులెత్తేస్తారు.

ఇంటికి తెచ్చాక

బిల్లు, డబ్బా పారేయకండి. రెండు రోజులు ఇంట్లోనే బండల మీద తొడుక్కుని తిరగండి, మట్టి అంటనంత వరకు మార్చుకోవచ్చు. తర్వాత వారం పాత జోడుతో ఒక రోజు, కొత్తదాంతో ఒక రోజు. బైక్ డిక్కీలో, ఎండలో పెట్టిన కారులో వదలకండి, మే నెలలో గమ్‌కు అంతకంటే శత్రువు లేదు. వానలో తడిస్తే ఇన్‌సోల్ తీసి, లోపల పేపర్లు కుక్కి నీడన ఆరబెట్టాలి. వాషింగ్ మెషీన్‌లో వేయకండి, మా ఇంట్లో ఒకసారి వేశారు, ఆ కథ ఇప్పుడొద్దు.

ఇన్‌సోల్ కింద మార్కర్‌తో మొదలుపెట్టిన తేదీ రాసుకోండి. ఇలాంటి షూ మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. జేఎన్‌ఎస్‌లో పన్నెండున్నర రౌండ్లు కొడితే ఐదు కిలోమీటర్లు. వారానికి ఐదు రోజులు అలా పోతే నెలకు నూరు, అంటే ఆరేడు నెలల తర్వాత ఎప్పుడైనా పిక్కలు, మోకాళ్లు ఊరికే నొప్పి పెడుతుంటే ముందు షూ వైపు చూడండి.

పాత నంబర్‌కు ఉన్న ఒక్క ఇబ్బంది, అయిపోతే మళ్లీ రాదు. నెల రోజులు పరిగెత్తాక కాలుకు బాగా కుదిరిందనిపిస్తే, మీ సైజు ఇంకా ఉన్నప్పుడే రెండో జోడు తెచ్చి చల్లటి గదిలో, బీరువా కింద పెట్టుకోండి. రెండోది చాలు. తక్కువకొస్తుందని నేను మూడు జోళ్లు తెచ్చాను ఒకసారి, మూడోదాని వంతు వచ్చేసరికి దాని మీద తేదీ కూడా నాలుగేళ్లు దాటింది.